ఇన్సర్ట్ మండుతోంది, ఇల్లు వేడెక్కట్లేదు: ఏం చూడాలి, ఎలా సరిచేయాలి

న్యూజెర్సీ, పెన్సిల్వేనియా, మసాచుసెట్స్, మిషిగన్ వైపు కాస్త పాత ఇల్లు కొన్న మనవాళ్లు చలికాలం వచ్చేసరికి అడిగే ప్రశ్న ఒకటుంది. "ఫైర్‌ప్లేస్‌లో కట్టెల ఇన్సర్ట్ ఉంది. సాయంత్రమంతా మండిస్తున్నాం. కట్టెలు కరిగిపోతున్నాయి గానీ హాలు దాటి వేడి రావట్లేదు. ఇన్సర్ట్ మార్చేయాలా?"

చాలా ఇళ్లలో మార్చక్కర్లేదు. ముందు కట్టెలు చూడండి. తర్వాత గాలి లివర్, అంటే మంటకి అందే గాలిని పెంచి తగ్గించే పిడి, ఎలా వాడుతున్నారో చూడండి. డబ్బు పెట్టాల్సిన పనులు ఆ తర్వాత. చాలామంది ఈ వరస తిరగేస్తారు. కొత్త బ్లోవర్ (వేడిని గదిలోకి తోసే ఫ్యాన్) కొంటారు, కొత్త ఇన్సర్ట్‌కి కొటేషన్ తెప్పించుకుంటారు, వాకిట్లో ఉన్న పచ్చి కట్టెలు మాత్రం అలాగే ఉంటాయి.

ఇక్కడ ఇన్సర్ట్ అంటే ఇటుకల ఫైర్‌ప్లేస్‌లోకి దూర్చి బిగించిన, గాజు తలుపున్న ఇనుప పెట్టె. గ్యాస్ ఇన్సర్ట్‌కీ, ఎలక్ట్రిక్ దానికీ ఇందులో చెప్పేవి వర్తించవు. తలుపు లేని మామూలు ఫైర్‌ప్లేస్‌కీ వర్తించవు. దాని ముందు కూర్చుని చలి కాచుకోవచ్చు గానీ ఇల్లు వేడి చేయలేం. గదిలో ఉన్న వెచ్చటి గాలినే అది చిమ్నీలోంచి బయటికి లాగేస్తుంది.

ముందు ఒక లెక్క

మీ ఇన్సర్ట్ బ్రోషర్ మీద గంటకి 60,000 బీటీయూ అనో 75,000 బీటీయూ అనో ఉంటుంది (బీటీయూ అంటే వేడిని కొలిచే అమెరికా కొలత). అది పెట్టె నిండా కట్టెలు వేసి బాగా మండించినప్పుడు కాసేపు వచ్చే గరిష్ఠ వేడి. రోజంతా రాదు.

అసలు లెక్క కట్టెల బరువులో ఉంది. బాగా ఎండిన కట్టె కిలోకి సుమారు 4 యూనిట్ల (కరెంటు బిల్లులో ఉండే కిలోవాట్ అవర్ల) వేడి ఉంటుంది. మంచి ఇన్సర్ట్ అందులో 70 శాతం పైచిలుకు ఇంట్లోకి ఇస్తుంది, అంటే కిలోకి దాదాపు 3 యూనిట్లు. గంటకి 2 కిలోలు కాలితే 6 కిలోవాట్లు, సుమారు 20,000 బీటీయూ. దుకాణంలో దొరికే 1,500 వాట్ల రూమ్ హీటర్లు నాలుగు ఒకేసారి పెట్టినంత. గంటకి కిలో కూడా కాల్చకుండా రెండంతస్తుల ఇల్లు వెచ్చబడాలంటే కుదరదు. గంటకి 3 కిలోలు కాల్చినా హాలు చల్లగానే ఉందంటే మాత్రం వేడి ఎక్కడికో పోతోంది. ఎక్కడికో పట్టుకోవడమే మన పని.

కావలసినవి

- మాయిశ్చర్ మీటర్, రెండు ముళ్లున్నది. 20 నుంచి 30 డాలర్లలో హార్డ్‌వేర్ షాపుల్లో దొరుకుతుంది. ఈ జాబితాలో ఒక్కటే కొనగలిగితే ఇదే కొనండి.
- ఇన్సర్ట్ మాన్యువల్. పాత యజమాని ఇవ్వకపోతే, తలుపు పక్కనో వెనకో ఉన్న లోహపు పట్టీ మీద మోడల్ నంబర్ చూసి కంపెనీ సైట్ నుంచి దించుకోండి.
- ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్, లేదా స్టవ్‌కి అంటించే అయస్కాంత థర్మామీటర్.
- కట్టెలు చీల్చడానికి గొడ్డలి, చిదుగుల కోసం చిన్న గొడ్డలి.
- మందపాటి తోలు గ్లవ్స్, మోచేతుల దాకా వచ్చేవి.
- బిగుతైన మూత ఉన్న ఇనుప బకెట్, బూడిదకి.
- పొగ అలారం, కార్బన్ మోనాక్సైడ్ అలారం. ఇవి లేకుండా అగ్గిపుల్ల గీయకండి.

1. చిమ్నీ శుభ్రం చేయించాకే మొదలుపెట్టండి

ఏడాదికోసారి చిమ్నీ చూపించాలన్నది అమెరికా అగ్నిమాపక ప్రమాణాల్లోనే ఉంది. ఇల్లు కొన్నాక మొదటి చలికాలమైతే తప్పనిసరి. శుభ్రం చేయడానికి వచ్చినవాళ్లని మూడు ప్రశ్నలు అడగండి. ఇన్సర్ట్ నుంచి చిమ్నీ పైదాకా స్టీల్ లైనర్, అంటే పొగ పోయే గొట్టం, ఉందా? అది ఇన్సర్ట్‌కి గట్టిగా బిగించి ఉందా? పెట్టె లోపల పైభాగంలో ఉండే బ్యాఫిల్ పలకలు సరిగ్గా కూర్చున్నాయా?

ఈ మూడో ప్రశ్న మర్చిపోవద్దు. చిమ్నీ బ్రష్ చేసేటప్పుడు బ్యాఫిల్ పక్కకి జరిపి, తిరిగి సరిగ్గా పెట్టకుండా వెళ్లిపోవడం మామూలే. పలక అంగుళం జరిగినా మంట నేరుగా పొగగొట్టంలోకి పోతుంది. టార్చి వేసి మీరే చూడండి: పలక వెనక్కి ఆనుకుని, పక్కల సందు లేకుండా ఉండాలి.

పాత ఇన్సర్ట్‌లు కొన్ని లైనర్ లేకుండా ఊరికే ఫైర్‌ప్లేస్‌లోకి తోసి పెట్టి ఉంటాయి. మీది అలాంటిదైతే ఇక్కడితో ఆగండి. లైనర్ వేయించేదాకా మండించొద్దు.

2. కట్టెలో తడి ఎంతుందో కొలవండి

అమ్మేవాడు "సీజన్డ్" (ఆరబెట్టినవి) అన్నాడని నమ్మకండి. ఆ మాటకి ఒక్కొక్కరి దగ్గర ఒక్కో అర్థం. మొన్న ఎండాకాలంలో నరికి కుప్ప పోసినదాన్ని కూడా అలాగే అమ్ముతారు.

కొలిచే పద్ధతి ఇది. కుప్పలోంచి మూడు నాలుగు మొద్దులు వేరువేరు చోట్ల నుంచి తీయండి. ఒక రోజు ఇంట్లో ఉంచి గది వేడికి రానివ్వండి. మధ్యకి చీల్చండి. చీలిన కొత్త ముఖం మీద, నడిమి భాగంలో, నార వెంబడి ముళ్లు గుచ్చండి. మొద్దు చివరో బెరడు మీదో గుచ్చితే తక్కువ చూపిస్తుంది, దాన్ని నమ్మి మోసపోతారు.

- 20 శాతం లోపు: మండించండి.
- 20 నుంచి 25: మండుతుంది గానీ వేడి తగ్గుతుంది, గాజు నల్లబడుతుంది.
- 25 పైన: వచ్చే ఏడాదికి పక్కన పేర్చండి.

35 శాతం చూపించే పది కిలోల కట్టెల్లో దాదాపు రెండున్నర లీటర్ల నీళ్లున్నాయి. ఆ నీళ్లని ఆవిరి చేయడానికి పోయే వేడి ఒక నష్టం. దానికన్నా పెద్ద నష్టం ఇంకోటుంది. పెట్టె లోపలి వేడి పడిపోవడంతో పొగ మండదు. కట్టెలో ఉన్న వేడిలో పెద్ద వాటా ఆ పొగలోనే ఉంది. మండని పొగ చిమ్నీ గోడకి క్రియోసోట్‌గా, అంటే తారులాంటి మసిగా, అంటుకుంటుంది, రేపు చిమ్నీ మంటలకి కారణమయ్యేది అదే.

మీటర్ ఇంకా రాలేదా? మంటలో వేశాక కట్టె చివర గమనించండి. సుయ్‌మని సన్నగా శబ్దం వస్తూ, కోసిన ముఖం మీద నురగలా నీటి బుడగలు పొంగుతుంటే అది పచ్చిదే. రెండు ఎండు కట్టెలు ఒకదానితో ఒకటి కొడితే టంగుమంటాయి, పచ్చివి దబ్బుమంటాయి. పగుళ్లు చూసి మాత్రం తేల్చకండి, పైన పగిలి లోపల తడిగా ఉన్నవి బోలెడు.

ఓక్, హికరీ, షుగర్ మేపుల్ గట్టి కర్రలు, ఎక్కువసేపు నిలుస్తాయి. అయితే ఓక్ ఆరడానికి రెండేళ్లు పట్టొచ్చు. యాష్, బర్చ్, మేపుల్ సాధారణంగా ఏడాదిలో దారికొస్తాయి. పైన్ వేస్తే చిమ్నీ పాడవుతుందని చాలామంది భయపెడతారు. ఎండిన పైన్‌కి భయం లేదు. త్వరగా కాలిపోతుంది, అంతే. పచ్చి ఓక్ కన్నా ఎండిన పైన్ ఎన్నో రెట్లు నయమని నా గట్టి అభిప్రాయం.

ఈ ఏడాది కట్టెలు తడిగా ఉన్నాయని తేలితే దారులు రెండు. కిల్న్ డ్రైడ్, అంటే బట్టీలో ఆరబెట్టిన, కట్టెలు కొనడం ఒకటి, రంపపు పొట్టు అదిమి చేసిన ఇటుకలు కొనడం ఇంకోటి. ఈ ఇటుకల్లో తడి 10 శాతం లోపే ఉంటుంది, అందుకే భగ్గుమని మండుతాయి. మొదటిసారి రెండు మూడే వేసి చూడండి, పెట్టె నింపకండి. మైనం కలిపిన రెడీమేడ్ దుంగలు ఇన్సర్ట్‌లో వద్దు, చాలా మాన్యువల్స్ వాటిని నిషేధిస్తాయి.

అసలు తప్పు కట్టెలదా ఇన్సర్ట్‌దా అని తేల్చుకోవడానికి కూడా ఇదే పరీక్ష. ఒక సాయంత్రం పూర్తిగా కిల్న్ డ్రైడ్ కట్టెలతోనే నడపండి. వేడి స్పష్టంగా పెరిగిందా, జవాబు దొరికింది. ఏమీ మారలేదా, 4వ అంచె నుంచి చూసుకుంటూ వెళ్లండి.

కొనేటప్పుడు కొలత కూడా అడగండి. కార్డ్ అంటే 4 అడుగుల ఎత్తు, 4 అడుగుల వెడల్పు, 8 అడుగుల పొడవు, మొత్తం 128 ఘనపుటడుగులు. "ఫేస్ కార్డ్" అంటే 16 అంగుళాల కట్టెలకి అందులో మూడో వంతే. దూరం నుంచి కట్టెలు తెచ్చుకోకండి. యాష్ చెట్లని చంపే పురుగు అలాగే ఊళ్లు దాటింది, కొన్ని రాష్ట్రాల్లో అలా కట్టెలు తేవడం చట్టవిరుద్ధం కూడా.

3. పైనుంచి కిందికి రాజేయండి

మన ఊళ్లలో పొయ్యి కింద చిదుగులు పెట్టి ఊదడం అలవాటు. ఇన్సర్ట్‌లో తిరగేసి పెడితే పొగ తక్కువ, చిమ్నీ త్వరగా వేడెక్కుతుంది.

అడుగున రెండు మూడు మధ్యరకం కట్టెలు. వాటి మీద అడ్డంగా బొటనవేలు లావు పేళ్లు. అన్నిటికన్నా పైన సన్న చిదుగులు, నలిపిన కాగితం లేదా ఫైర్ స్టార్టర్. గాలి లివర్ పూర్తిగా తెరవండి. బైపాస్ డ్యాంపర్ (పొగని నేరుగా చిమ్నీలోకి వదిలే పలక) ఉంటే అదీ తెరవండి. పైన అంటించి, తలుపు మాన్యువల్ చెప్పిన మేరకు సందు ఉంచి, చిదుగులు అంటుకోగానే మూసేయండి. తలుపు ఓరగా ఉన్నంతసేపు అక్కడి నుంచి కదలకండి.

చిమ్నీ చల్లగా ఉంటే పొగ గదిలోకి తన్నుతుంది. అప్పుడు దగ్గర్లో కిటికీ ఒక అంగుళం తెరిచి, కాగితం చుట్ట ఒకటి వెలిగించి పెట్టె పైభాగాన పట్టుకోండి. లాగుడు మొదలయ్యాక మిగతాది అంటించండి.

పెట్రోల్, కిరోసిన్, లైటర్ ఫ్లూయిడ్ ఎట్టి పరిస్థితిలోనూ వాడొద్దు.

4. గాలి తగ్గించడం నేర్చుకోండి

ఎక్కువమంది ఇళ్లలో వేడి పోతున్నది ఇక్కడే. మంట పెద్దగా కనిపిస్తే వేడి ఎక్కువ వస్తోందనుకుని లివర్ పూర్తిగా తెరిచే ఉంచుతారు. ఆ మంట వేడి చిమ్నీలోంచి పోతుంది.

కట్టెలన్నీ బాగా అంటుకుని, అంచులు నల్లబడి, మంట పెట్టెంతా నిండాక, మామూలుగా 15 నుంచి 20 నిమిషాలకి, లివర్ పావు వంతు మూయండి. మంట కాస్త నెమ్మదిస్తుంది. ఐదు నిమిషాలాగి ఇంకో పావు మూయండి. మళ్లీ ఆగండి. ఏ దశలోనైనా మంట పూర్తిగా కుంగి పొగ కమ్మితే కొంచెం వెనక్కి తెరవండి.

సరైన చోటికి వచ్చారని కంటితోనే తెలుస్తుంది. కట్టె దగ్గర మంట తగ్గి, బద్ధకంగా ఊగుతుంది. పైన బ్యాఫిల్ కింద ఉన్న గొట్టాల రంధ్రాల దగ్గర, గాల్లోనే, గ్యాస్ స్టవ్ బర్నర్‌లా మంటలు పుడతాయి. అది పొగ మండటం. ఆ దృశ్యం కనపడిన క్షణం నుంచి మీ కట్టెల డబ్బు ఇంట్లోకి వస్తున్నట్టు.

క్యాటలిటిక్ రకమైతే, అంటే పొగని మండించే క్యాటలిస్ట్ అనే భాగం ఉన్నదైతే, గొట్టాల మంట ఇంతగా కనపడదు. మాన్యువల్ చెప్పిన వేడికి, సాధారణంగా 500 డిగ్రీల ఫారన్‌హీట్ దగ్గర, బైపాస్ మూయాలి. మూయడం మర్చిపోతే వేడంతా నేరుగా పైకే.

తలుపు పైనున్న లోహం మీద థర్మామీటర్ చూడండి. చాలా ఇన్సర్ట్‌లకి 400 నుంచి 650 డిగ్రీల ఫారన్‌హీట్ మధ్య బాగుంటుంది. మీ మోడల్‌కి మాన్యువల్ చెప్పిందే ప్రమాణం. ఏ భాగమైనా ఎర్రగా కాలుతున్నట్టు కనిపిస్తే అతిగా మండుతోందని అర్థం: గాలి మూసి, తలుపు తెరవకుండా చల్లారనివ్వండి.

రాత్రి పడుకునే ముందు తడి కట్టె వేసి గాలి పూర్తిగా మూసేయడం మాత్రం వద్దు. రాత్రంతా నిప్పు నిలుస్తుందని చాలామంది చేసే పని ఇది. రాత్రంతా నిలిచేది పొగే.

5. నిప్పుల మీద కట్టెలు వేయండి, మంట మీద కాదు

మంట ఇంకా ఉండగా గంటకో కట్టె వేస్తుంటే తలుపు తెరిచిన ప్రతిసారీ గది గాలి చిమ్నీలోకి పోతుంది. మంట తగ్గి ఎర్రటి నిప్పులు మిగిలేదాకా ఆగండి. నిప్పులని తలుపు వైపు ముందుకి లాగి, వెనక మూడు నాలుగు కట్టెలు దగ్గరదగ్గరగా పేర్చండి. ఒకే కట్టె వేస్తే అది సరిగ్గా మండదు, కట్టెలకి ఒకదాని వేడి ఒకటి కావాలి.

తలుపు తెరిచేముందు గాలి లివర్ పూర్తిగా తెరిచి, తలుపు అంగుళం మాత్రం తెరిచి కాసేపాగి, ఆ తర్వాత పూర్తిగా తెరవండి. పొగ మొహం మీదికి రాదు.

బూడిద మొత్తం ఊడ్చేయకండి. అడుగున అంగుళం మందం ఉంటే నిప్పులు నిలుస్తాయి. తీసిన బూడిద ఇనుప బకెట్‌లో మూతపెట్టి ఇంటి బయట, డెక్ మీద కాకుండా, కాంక్రీట్ మీదో నేల మీదో ఉంచండి. చల్లారినట్టు కనిపించే బూడిదలో నిప్పు రోజుల తరబడి బతికే ఉంటుంది. అట్టపెట్టెలో పోసి గరాజ్‌లో పెట్టడం వల్ల ఇళ్లు కాలిపోయాయి.

6. బ్లోవర్

విడి స్టవ్ నాలుగు వైపులా వేడి వెదజల్లుతుంది. ఇన్సర్ట్ మూడు వైపులా ఇటుకల్లో కూరుకుపోయి ఉంటుంది, కాబట్టి బ్లోవర్ లేకుంటే ముందు గాజు నుంచి వచ్చేదే ఎక్కువ. మీదాంట్లో ఫ్యాన్ ఉందా, తిరుగుతోందా, జాలీలో దుమ్ము పేరుకుందా చూడండి. ప్లగ్ తీసి, వాక్యూమ్‌తో శుభ్రం చేయండి.

ఇన్సర్ట్ వేడెక్కకముందే ఫుల్ స్పీడ్‌లో పెడితే పెట్టె చల్లబడి పొగ మండదు. మంట కుదురుకున్నాక తక్కువ స్పీడ్‌తో మొదలుపెట్టండి. మంచు తుపానులో కరెంటు పోతే బ్లోవర్ ఆగుతుంది, వేడి బాగా తగ్గుతుంది. అది తీసుకునేది తక్కువ కరెంటే కాబట్టి చిన్న బ్యాటరీ పవర్ స్టేషన్ ఉంటే పనికొస్తుంది.

7. మిగతా గదులకి వేడి ఎలా పంపాలి

వేడి గాలిని పడగ్గది వైపు తోయాలని ఇన్సర్ట్ దగ్గర ఫ్యాన్ పెడతారు. తిరగేసి చేయండి. చల్లగా ఉన్న గది గుమ్మంలో, నేల మీద చిన్న టేబుల్ ఫ్యాన్ పెట్టి, ఇన్సర్ట్ ఉన్న గది వైపు తిప్పి నెమ్మదిగా నడపండి. బరువైన చల్లగాలి కింద నుంచి అటు పోతుంది, దాని బదులు వెచ్చటి గాలి గుమ్మం పైభాగం నుంచి మీ గదిలోకి వస్తుంది. గుమ్మం పైన ఒక టిష్యూ కాగితం వేలాడదీస్తే గాలి ఎటు పోతోందో కనిపిస్తుంది. సీలింగ్ ఫ్యాన్‌ని చలికాలపు మోడ్‌లో పెట్టండి.

సెంట్రల్ హీటింగ్ ఫ్యాన్ ఒక్కటే నడిపి వేడి పంచుదామనుకుంటే అంతగా లాభం ఉండదు. డక్టులు చల్లటి అటక లోంచో బేస్‌మెంట్ లోంచో పోతుంటే దారిలోనే వేడి పోతుంది.

8. వంటింటి హుడ్‌తో జాగ్రత్త

ఇది మన ఇళ్లకి ప్రత్యేకంగా చెప్పాల్సిన సంగతి. తాళింపు ఘాటు కోసం పెద్ద హుడ్ పెట్టించుకుంటాం. 600, 900 సీఎఫ్ఎం (నిమిషానికి లాగే గాలి, ఘనపుటడుగుల్లో) హుడ్ తిరిగితే ఇంట్లో గాలి బయటికి పోతుంది, దాని బదులు గాలి ఎక్కడి నుంచో రావాలి. సులువైన దారి చిమ్నీ. పొగ, దానితో కార్బన్ మోనాక్సైడ్ వెనక్కి ఇంట్లోకి వస్తాయి. 400 సీఎఫ్ఎం దాటిన హుడ్లకి బయటి గాలి తెచ్చే ఏర్పాటు ఉండాలని చాలాచోట్ల బిల్డింగ్ కోడ్ చెబుతున్నది ఇందుకే.

ఇన్సర్ట్ మండుతున్నప్పుడు హుడ్ తక్కువ స్పీడ్‌లో నడపండి, వంటింటి కిటికీ కొంచెం తెరవండి. రాజేసేటప్పుడూ, కట్టెలు వేసేటప్పుడూ హుడ్, బట్టల డ్రయర్ రెండూ ఆపేయండి.

9. ఇవన్నీ చేశాక కూడా వేడి చాలకపోతే

అప్పుడు ఖర్చు పెట్టే పని: ఇన్సర్ట్ పైన పాత డ్యాంపర్ ఉన్నచోట చిమ్నీ బొరియ తెరిచే ఉందేమో చూపించండి. లైనర్ చుట్టూ ఖాళీ ఉంటే ఇన్సర్ట్ పైన చేరిన వేడి అందులోంచి ఎక్కిపోతుంది. అక్కడ లైనర్ చుట్టూ రేకు పలక బిగించి, దాని మీద రాక్ వూల్ పెడతారు. దీన్ని బ్లాక్ ఆఫ్ ప్లేట్ అంటారు. చాలామంది ఇన్‌స్టాలర్లు అడిగితే తప్ప వేయరు. మామూలు ఫైబర్ గ్లాస్ అక్కడ పెట్టకూడదు. చిమ్నీ ఇంటి బయటి గోడకి ఉంటే ఈ పనికి మంచి ఫలితం ఉంటుంది, ఎందుకంటే ఆ ఇటుకలు వేడిని బయటికే ఇస్తాయి. మాన్యువల్‌తో, ఊరి కోడ్‌తో సరిచూసుకుని తెలిసినవాళ్ల చేతే చేయించండి.

తలుపు గ్యాస్కెట్, అంటే గాలి దూరకుండా అంచున ఉండే తాడు, కూడా చూడండి. ఇన్సర్ట్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు డాలర్ నోటు తలుపు అంచులో పెట్టి మూసి, లాగండి. పట్టు తెలియాలి. నాలుగు వైపులా ఇలాగే చూడండి. ఊరికే జారి వచ్చిన చోట గాలి దూరుతోంది, లివర్ ఎంత మూసినా మంట అదుపులోకి రాదు. కొత్త తాడు గ్యాస్కెట్ తక్కువ ఖర్చే, మీరే మార్చుకోవచ్చు.

ఎక్కువగా జరిగే పొరపాట్లు

కట్టెల కుప్ప మొత్తం ప్లాస్టిక్ పట్టాతో నేలదాకా కప్పేయడం. పైన మాత్రమే కప్పండి, పక్కల గాలి ఆడాలి. నేల మీద నేరుగా పేర్చకండి, ప్యాలెట్ మీద పేర్చండి.

భోగి రోజు పాత కుర్చీలు, అల్మరా చెక్కలు ఇందులో వేయడం. రంగు వేసినవి, పాలిష్ చేసినవి, ప్లైవుడ్, ప్రెషర్ ట్రీటెడ్ డెక్ చెక్కలు ఇన్సర్ట్‌లో వేస్తే విషవాయువులు వస్తాయి, క్యాటలిస్ట్ పాడవుతుంది. భోగికి శుభ్రమైన ఎండు కట్టెలే వేసి దణ్ణం పెట్టుకోండి.

ఇన్సర్ట్ ముందు సోఫా, తడి బట్టల స్టాండు. 3 అడుగుల దూరం ఉండాలి. ఊరి నుంచి అమ్మానాన్నలో అత్తమామలో వచ్చి ఉంటే చీర కొంగు, శాలువా విషయం ముందే చెప్పండి, కట్టెలు వేసే పని మీరే చేయండి. పాకే పిల్లలుంటే గోడకి బిగించే ఇనుప గేటు తప్పదు. గాజు చెయ్యి కాల్చడానికి క్షణం చాలు.

సరైందని ఎలా తెలుసుకోవాలి

రాజేసిన అరగంటకి బయటికి వెళ్లి చిమ్నీ వైపు చూడండి. పొగ కనపడకూడదు. వేడి గాలి అల్లాడుతున్నట్టు, బాగా చలి రోజుల్లో కాస్త తెల్లటి ఆవిరి, అంతే. నీలిబూడిద రంగు పొగ వస్తుంటే కట్టె తడిదో, గాలి మరీ మూశారో.

గాజు రోజంతా దాదాపు తేటగా ఉండాలి. ఒక మూల మాత్రమే నల్లబడుతుంటే ఆ వైపు కట్టె గాజుకి ఆనుతోందో గ్యాస్కెట్ కారుతోందో చూడండి. లోపలి ఇటుకలు నల్లటి మసితో కాక లేత గోధుమ రంగులో ఉంటే మంట బాగుందన్నమాట.

గదిలో మామూలు థర్మామీటర్ ఒకటి ఇన్సర్ట్ ఎదురుగా కాకుండా అవతలి గోడ దగ్గర పెట్టండి. ఒకేలాంటి చలి ఉన్న రెండు రోజులు ఎంచుకుని, బాత్రూమ్ తూకంతో తూచి ఒకే బరువు కట్టెలు కాల్చి, రెండు గంటల తర్వాత అంకెలు రాసుకోండి. ఒకసారికి ఒక్క మార్పే చేయండి: ఈ రోజు కట్టెలు, రేపు లివర్, ఎల్లుండి ఫ్యాన్. అన్నీ కలిపి మారిస్తే దేనివల్ల బాగుపడిందో తెలియదు.

ఈ పరీక్షలన్నీ నెగ్గి కూడా బాగా చలి రాత్రుల్లో ఇల్లు 60 డిగ్రీల ఫారన్‌హీట్ దాటకపోతే, అప్పుడు ఇన్సర్ట్ చిన్నదైనా అయ్యుండాలి, ఇల్లు వేడిని కారుస్తూనైనా ఉండాలి. ముందు ఇంటికి ఎనర్జీ ఆడిట్ చేయించండి, చాలా రాష్ట్రాల్లో కరెంటు, గ్యాస్ కంపెనీలే తక్కువ ధరకో ఉచితంగానో చేస్తాయి. అటకలో ఇన్సులేషన్ వేయించి, సందులు పూడ్చి, ఒక చలికాలం చూశాక కూడా చాలకపోతే పెద్ద పెట్టె ఉన్న ఇన్సర్ట్ గురించి అడగండి. అప్పుడు బీటీయూ అంకె కాదు, పెట్టె లోపలి కొలత ఎన్ని ఘనపుటడుగులో అడగండి. 2 ఘనపుటడుగుల పెట్టెలో నిండుగా పట్టేది సుమారు 12 కిలోల ఓక్. గంటకి 2 కిలోల లెక్కన అది 6 గంటలకి సరిపోతుంది.